ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ ప్రస్థానం: ‘కింగ్స్ ఫీల్డ్’ నుంచి ‘ఎల్డెన్ రింగ్’ దాకా

2022 ఫిబ్రవరి 25న విడుదలైన ‘ఎల్డెన్ రింగ్’ మూడు వారాలు కూడా తిరక్కముందే కోటీ ఇరవై లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. ఆ ఏడాది చివర ‘ద గేమ్ అవార్డ్స్’లో ఉత్తమ గేమ్ పురస్కారాన్నీ అందుకుంది. దాన్ని తయారుచేసిన టోక్యో సంస్థ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కడ చూసినా ఒకే రకం కథ ప్రచారంలో ఉంది. ఎవరికీ పెద్దగా తెలియని మామూలు కంపెనీలో గేమ్ దర్శకుడు హిదెతాకా మియాజాకి అడుగుపెట్టారు, 2009లో ‘డీమన్స్ సోల్స్’ తీశారు, దానితో కంపెనీ జాతకం మారిపోయింది అన్నదే ఆ కథ. ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆయన చేరేనాటికే ఆ కంపెనీ గేములు తయారుచేయడం మొదలుపెట్టి పదేళ్లు కావస్తోందనీ, ఆయన పేరు చెప్పి నేడు కొనియాడుతున్న లక్షణాల్లో చాలా భాగం ఆ పదేళ్లలోనే రూపు దిద్దుకున్నాయనీ ఈ కథ చెప్పదు. ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ చరిత్రను 2009 నుంచి కాక 1994 నుంచి చదివితేనే అది అర్థమవుతుంది.

నవోతోషి జిన్ 1986 నవంబర్ 1న ఈ సంస్థను స్థాపించినప్పుడు అది గేముల కంపెనీ కాదు. ఇతర సంస్థల అవసరాల కోసం వ్యాపార సాఫ్ట్‌వేర్ రాసి ఇవ్వడం దాని పని. ఎనిమిదేళ్లు అదే వృత్తిలో గడిపిన కంపెనీ గేముల వైపు మళ్లడానికి దారి వేసినది సోనీ. అంతకు ముందు జపాన్ గేముల మార్కెట్‌లో చిన్న కంపెనీకి నిలదొక్కుకునే చోటు తక్కువ. నింటెండో యంత్రాల కోసం గేమ్ తీయాలంటే గేమ్‌ను నింపి అమ్మే కార్ట్రిడ్జ్‌లను నింటెండో ద్వారానే చేయించుకోవాలి, వాటి ఖర్చు ముందుగానే చెల్లించాలి, అవి అమ్ముడుపోకపోతే ఆ నష్టమంతా ప్రచురణకర్తే భరించాలి. 1994 డిసెంబర్ 3న జపాన్‌లో విడుదలైన సోనీ గేమ్ యంత్రం ప్లేస్టేషన్ ఈ లెక్కను మార్చివేసింది. సీడీ తయారీకి అయ్యే ఖర్చు కార్ట్రిడ్జ్‌తో పోలిస్తే చాలా తక్కువ. కొద్ది ప్రతులతో మొదలుపెట్టి, గిరాకీ ఉంటే త్వరగా మళ్లీ ముద్రించుకోవచ్చు. పైగా త్రిమితీయ దృశ్యాలను చూపగలిగే ఆ యంత్రంపై అప్పటికి ఎవరికీ అనుభవం లేదు కాబట్టి, పెద్ద కంపెనీలూ కొత్తవాళ్లూ దాదాపు ఒకే గీత మీద నిలబడ్డారు. ప్లేస్టేషన్ అంగళ్లలోకి వచ్చిన పదమూడు రోజులకు, డిసెంబర్ 16న, ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ తన మొదటి గేమ్ ‘కింగ్స్ ఫీల్డ్’ను విడుదల చేసింది.

ఈ గేమ్‌ను ఇప్పుడు ఆడితే మొదట విసుగు పుట్టడం సహజం. ఆడేవారి కళ్లతోనే లోకాన్ని చూపించే ఈ గేమ్‌లో నడక నిదానం, మెడ తిప్పడం ఇంకా నిదానం. కత్తి ఒకసారి ఝళిపించాక తెర మీది గీత మళ్లీ నిండేదాకా ఆగకుండా రెండో దెబ్బ కొడితే అందులో బలం ఉండదు. ఎక్కడికి వెళ్లాలో చెప్పేవారు ఉండరు. 1995లో వచ్చిన రెండో భాగంలో కథానాయకుడు మెలనాట్ అనే దీవి ఒడ్డున కళ్లు తెరుస్తాడు. నాలుగడుగులు తప్పు దిక్కుకు వేస్తే సముద్రంలో పడి చస్తాడు, లేదా ఒడ్డునే పొంచి ఉన్న భారీ జలచరం చేతిలో చస్తాడు. ఆట మొదలైన క్షణాల్లోనే ఎదురయ్యే ఈ చావులో ఒక బోధన ఉంది. ఈ లోకం ఆడేవారి సౌకర్యం కోసం అమర్చినది కాదు, చూసి నడవాలి. కథను కూడా ఎవరూ కూర్చోబెట్టి వినిపించరు. అక్కడక్కడా తారసపడే మనుషుల పొడి మాటలు, దొరికే వస్తువులు, శిథిలాల అమరిక, వీటిని కలుపుకొని ఊహించుకోవాల్సిందే. గుహలూ కోటలూ ఒకదానిలోంచి మరొకదానికి ఎడతెగకుండా సాగుతూ, ఎంతో దూరం వెళ్లాక తెరుచుకున్న తలుపు తీరా మొదటి చోటికే చేర్చినప్పుడు కలిగే ఆశ్చర్యం కూడా ఈ రెండో భాగంలోనే ఉంది. మొదటి భాగం అప్పట్లో జపాన్ దాటి వెళ్లలేదు. అమెరికాలో ‘కింగ్స్ ఫీల్డ్’ పేరుతో అమ్మింది నిజానికి ఈ రెండో భాగాన్నే.

ఇక్కడ ఒక చిన్న ఆధారాన్ని ప్రస్తావించడం అవసరం. మూన్‌లైట్ అనే ఖడ్గం మొదటి ‘కింగ్స్ ఫీల్డ్’లో ఉంది. ‘ఆర్మర్డ్ కోర్’లో అది మరయంత్రాల లేజర్ కత్తిగా కనిపిస్తుంది. ఇదే సంస్థ తరువాత తీసిన ‘డీమన్స్ సోల్స్’లోనూ ‘డార్క్ సోల్స్’లోనూ అది మళ్లీ ఖడ్గమవుతుంది. ‘బ్లడ్‌బోర్న్’ అనుబంధంలోనూ, ‘ఎల్డెన్ రింగ్’లో చీకటి చంద్రుడి ఖడ్గంగానూ అది కొనసాగుతుంది. ‘డార్క్ సోల్స్’లో ఆ కత్తి ఏ తెల్ల డ్రాగన్ తోక నరికితే దక్కుతుందో, ఆ సీథ్ పేరు కూడా పాత ‘కింగ్స్ ఫీల్డ్’ డ్రాగన్‌దే. అభిమానులు వీటిని సరదా గుర్తులుగా ఏరుకుంటారు గానీ, వీటి విలువ అంతకంటే ఎక్కువ. దర్శకులు మారినా, యంత్రాలు మారినా, పాత పనిని పారవేయకుండా పక్కన పెట్టుకొని దానిమీదే కొత్తది కట్టే అలవాటు ఈ సంస్థకు ఉందని ఇవి సాక్ష్యమిస్తాయి.

1997లో వచ్చిన ‘ఆర్మర్డ్ కోర్’ పైకి పూర్తిగా వేరే గేమ్. ‘మాక్రాస్’ అనే యానిమేషన్ ధారావాహికలోని యంత్రాలతో పేరుపొందిన షోజి కవమోరి ఇందులోని రోబోలకు రూపమిచ్చారు. ఆడేవారు కిరాయి యోధులు, కార్పొరేషన్ల కోసం పోరాడి డబ్బు సంపాదిస్తారు. తల, చేతులు, కాళ్లు, ఇంజిన్, ఆయుధాలు విడివిడిగా కొని బిగించుకోవాలి. ఒకటి బరువెక్కితే మరొకటి తగ్గించుకోవాలి. పేల్చిన ప్రతి తూటాకూ, తిన్న ప్రతి దెబ్బకూ సంపాదనలోంచి ఖర్చు కోసుకుపోతుంది. ఆ ప్రపంచంలో మనుషుల ముఖాలు కనిపించవు. వచ్చిన సందేశాలనూ పని ఒప్పందాలనూ చదువుకుంటూ ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారో ఆడేవారే పోల్చుకోవాలి. అన్నిటికంటే గమనించవలసినది ఓటమిని అది నడిపిన తీరు. పదేపదే ఓడి అప్పు ఒక హద్దు దాటితే, ఆ యోధుణ్ణి శరీర ప్రయోగాలకు అప్పగించి, ఇతరులకు లేని శక్తులతో ఆటను మొదటి నుంచి నడిపిస్తుంది. ఓడిపోవడం ఆట ముగింపు కాదు, ఆటలో ఒక భాగం. పన్నెండేళ్ల తరువాత ప్రపంచం మెచ్చుకోబోయే ఆలోచన అప్పుడే, ఒక రోబో గేమ్ మూలలో, ఉంది.

2000 నుంచి 2008 దాకా సాగిన కాలాన్ని మాత్రం సుదీర్ఘంగా చెప్పుకోనక్కర్లేదు. ప్లేస్టేషన్ 2 కోసం ‘ఎటర్నల్ రింగ్’, ‘ఎవర్‌గ్రేస్’, ఎక్స్‌బాక్స్ కోసం ‘ఒటోగి’, నింటెండో గేమ్‌క్యూబ్ కోసం ‘లాస్ట్ కింగ్డమ్స్’, ఏడాది తిరగకుండా మరో ‘ఆర్మర్డ్ కోర్’. వీటిలో కొన్ని అందమైనవి, కొన్ని సాదాసీదావి. అమెరికా అధ్యక్షుడు రోబోలో కూర్చొని యుద్ధం చేసే ‘మెటల్ వుల్ఫ్ కేయాస్’ 2004లో జపాన్‌లో మాత్రమే వచ్చి, మళ్లీ 2019లో గానీ బయటి దేశాలకు చేరలేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. పెట్టుబడి తక్కువ, ఆశ కూడా తక్కువ గల ఇలాంటి గేములను ఎక్కువ సంఖ్యలో తీసి, స్వదేశంలో తామే ప్రచురించుకొని, స్థిరంగా కొనే కొద్దిమంది అభిమానులతో నిలదొక్కుకోవడం ఆనాటి జపాన్‌లో సాధ్యమైంది. హై డెఫినిషన్ యంత్రాలు వచ్చాక తయారీ ఖర్చులు పెరిగి, ఇలాంటి మధ్యతరగతి స్టూడియోలు చాలా మూతపడ్డాయి, లేదా పెద్దవాటిలో కలిసిపోయాయి. ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ ఆ గండాన్ని దాటిన తీరులోనే మియాజాకి కథ మొదలవుతుంది.

షిజుఓకాలో పేద కుటుంబంలో పెరిగిన మియాజాకికి చిన్నప్పుడు పుస్తకాలు కొనే స్తోమత లేదు. గ్రంథాలయం నుంచి తన వయసుకు మించిన పుస్తకాలు తెచ్చుకొని, అర్థంకాని చోట్లను బొమ్మల సాయంతో ఊహించుకుంటూ చదివానని ఆయనే పలు ఇంటర్వ్యూలలో చెప్పారు. కెయో విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రాలు చదివి, ఒరాకిల్‌లో ఉద్యోగం చేస్తుండగా, మిత్రుడి సలహాతో ఆడిన ‘ఇకో’ అనే గేమ్ ఆయన మనసు మార్చింది. అప్పటికి వయసు 29, అనుభవం సున్నా. అవకాశమిచ్చిన కొద్ది కంపెనీలలో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ ఒకటి. 2004లో తక్కువ జీతానికి అందులో చేరి, ‘ఆర్మర్డ్ కోర్: లాస్ట్ రేవెన్’కు ప్రణాళికా పనులు చేసి, ‘ఆర్మర్డ్ కోర్ 4’కు, ‘ఫర్ ఆన్సర్’కు దర్శకత్వం వహించారు. అంటే ఓటమిని ఆటలో భాగం చేసిన వంటింట్లోనే ఆయన చేయి తిరిగింది.

‘డీమన్స్ సోల్స్’ అప్పటికే కంపెనీలో దారి తప్పిన ప్రాజెక్టు. సోనీ పెట్టుబడితో మొదలై, ఆకట్టుకునే నమూనా ఒక్కటి కూడా చూపలేక కుంటుతోంది. దాన్ని తన చేతికి ఇమ్మని మియాజాకి అడగడానికి కారణాన్ని ఆయన దాచుకోలేదు. ఎలాగూ విఫలమైందనుకున్న పనిలో తన ఆలోచనలు బెడిసికొట్టినా ఎవరూ పట్టించుకోరు, కాబట్టి దాన్ని తాను కోరుకున్నట్టు మలచుకోవచ్చు అనుకున్నారు. ఆయన దానిలోకి తెచ్చినవి రెండు. మొదటిది పాత ‘కింగ్స్ ఫీల్డ్’ ధోరణి: చీకటి, నిదానం, బలం అయిపోతే కొట్టలేని కత్తి, ఎవరూ చెప్పని కథ. రెండోది చావుకు స్పష్టమైన నియమం. చనిపోతే సంపాదించిన ఆత్మలన్నీ (ఆటలో ఇవే డబ్బు) చచ్చిన చోటే ఉండిపోతాయి. అక్కడికి మళ్లీ చేరగలిగితే తిరిగి దక్కుతాయి, మధ్యలో మరోసారి చస్తే శాశ్వతంగా పోతాయి. ఈ ఒక్క నియమం ప్రతి అడుగుకూ వెల కడుతుంది. అదే సమయంలో చావును తరువాతి ప్రయాణానికి గురిగా మారుస్తుంది.

గేమ్‌లోని ఆన్‌లైన్ ఏర్పాటు పూర్తిగా కొత్తది, నిజంగా మియాజాకిదే. మంచు పడుతున్న రోజున ఎత్తు దారిలో ఆయన కారూ, ముందూ వెనుకా ఉన్న కార్లూ జారిపోతూ ఆగిపోయాయట. వెనుక కారు ముందున్నదాన్ని నెట్టడంతో అందరూ ఒక్కొక్కరుగా ఎత్తు దాటారు. ఆగి కృతజ్ఞత చెబితే తన కారు మళ్లీ చిక్కుకుపోతుంది, కాబట్టి చెప్పలేకపోయారు. ఆ చివరి కారు దాటగలిగిందో లేదో తెలియదు, ఆ మనుషులు మళ్లీ కలవరు. ఆ అనుభూతినే ఆయన గేమ్‌లోకి తెచ్చారు. ఒకరికొకరు తెలియని ఆటగాళ్లు నేల మీద సందేశాలు రాసి పోతారు. రక్తపు మరక తాకితే మరొకరి చివరి క్షణాలు నీడలా కదులుతాయి. పిలిస్తే ఎవరో అపరిచితులు వచ్చి పోరాటంలో తోడు నిలిచి, పని కాగానే మాయమవుతారు. కఠినమైన ఆట అన్న ముద్ర దీనికి ఎంత బలంగా పడిందంటే, ఈ దయ గల భాగం గురించి మాట్లాడేవారు తక్కువయ్యారు. నిజానికి కఠినత్వం ఉన్నందువల్లే ఆ సాయానికి విలువ వచ్చింది. ఈ రెండింటినీ విడదీసి చూడటం సరికాదు.

విడుదలకు ముందు ఆదరణ శూన్యం. 2008 టోక్యో గేమ్ షోలో ఆడినవారు పెదవి విరిచారు. అప్పటి సోనీ స్టూడియోల అధిపతి షుహెయి యోషిదా రెండు గంటలపాటు ఆడినా ఆరంభం దాటలేక, ఇది చాలా చెడ్డ గేమ్ అని తీర్మానించినట్టు తరువాత తానే ఒప్పుకున్నారు. 2009 ఫిబ్రవరి 5న జపాన్‌లో విడుదలైనప్పుడు తొలి అమ్మకాలు నిరుత్సాహపరిచాయి. అమెరికాలోనూ యూరప్‌లోనూ ప్రచురించడానికి సోనీ ముందుకు రాలేదు. అయితే ఆసియా మార్కెట్ కోసం చేసిన ప్రతిలో ఇంగ్లిష్ భాష ఉంది, ప్లేస్టేషన్ 3 గేములకు ప్రాంతాల తాళం లేదు, అంటే ఒక దేశపు ప్రతిని మరో దేశంలోనూ ఆడవచ్చు. ఆ ప్రతిని తెప్పించుకొని ఆడిన పాశ్చాత్య ఆటగాళ్ల మాటే దానికి ప్రచారమైంది. అది గమనించి ఆట్లస్ అనే ప్రచురణ సంస్థ 2009 అక్టోబర్‌లో అమెరికాలో ప్రచురించింది, గేముల వెబ్‌సైట్ గేమ్‌స్పాట్ దాన్ని ఆ ఏటి మేటి గేమ్‌గా ఎంచుకుంది. యూరప్‌కు చేరింది మాత్రం 2010లోనే. సోనీ ఆ నాడు వద్దనుకోవడం తన చేతిలోని సంపదను తానే గుర్తించకపోవడమని, పదకొండేళ్ల తరువాత అదే గేమ్‌ను బ్లూపాయింట్ అనే స్టూడియో చేత పునర్నిర్మింపజేసి ప్లేస్టేషన్ 5తో పాటే విడుదల చేయడం రుజువు చేసింది.

‘డీమన్స్ సోల్స్’ మీద హక్కు సోనీది. అందుకే ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ అదే ధోరణిని కొత్త పేరుతో, నామ్కో బందాయ్ (తరువాతి పేరు బందాయ్ నామ్కో) అనే ప్రచురణ సంస్థతో చేతులు కలిపి, 2011 సెప్టెంబర్ 22న ‘డార్క్ సోల్స్’గా తెచ్చింది. చావుబతుకుల నియమం అదే, నిలిచి ఊపిరి తీసుకోవడానికి చలిమంటలు కొత్త. అన్నిటికంటే గొప్పది దాని లోకం. రెండో ‘కింగ్స్ ఫీల్డ్’లో తలుపు తెరుచుకొని మొదటి చోటికి చేర్చిన ఆ పాత ఆశ్చర్యం ఇక్కడ నిలువుగా పెరిగి, కొండ కొమ్మున గుడి నుంచి విషపు బురద దాకా ఒకే నేలగా అల్లుకుంది. సాంకేతికంగా మాత్రం ఇది లోపాల పుట్ట. ఆ బురద ప్రాంతంలో గేమ్ యంత్రాలు తడబడేవి. అభిమానులు వేల సంఖ్యలో సంతకాలు చేసి అడిగి తెచ్చుకున్న 2012 కంప్యూటర్ ప్రతి తక్కువ స్పష్టతకే పరిమితమై వస్తే, ఒక అభిమాని రాసిన చిన్న ప్రోగ్రామే దాన్ని సరిచేసింది. సాంకేతిక నైపుణ్యంలో ఈ బలహీనత ‘ఎల్డెన్ రింగ్’ కంప్యూటర్ ప్రతిలోని తడబాటు దాకా ఈ సంస్థను వెన్నంటే వచ్చింది. అభిమానం పేరుతో దాన్ని కప్పిపుచ్చడం న్యాయం కాదు.

2014 ఈ చరిత్రలో మరో మలుపు. అప్పటి యజమాని ట్రాన్స్‌కాస్మోస్ నుంచి జపాన్ ప్రచురణ సంస్థ కడోకావా ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్‌ను కొన్నది, జిన్ తప్పుకొని మియాజాకి అధ్యక్షుడయ్యారు. అధ్యక్షుడై కూడా ఆయన దర్శకత్వం మానలేదు. తరువాతి గేములను చూస్తే ఒక వ్యాపార పద్ధతి కనిపిస్తుంది. ‘బ్లడ్‌బోర్న్’ (2015) సోనీతో, ‘డార్క్ సోల్స్ 3’ (2016) బందాయ్ నామ్కోతో, ‘సెకిరో’ (2019) యాక్టివిజన్‌తో. ఏ ఒక్క ప్రచురణకర్తకూ కట్టుబడిపోకుండా, జపాన్‌లో వీలైనప్పుడల్లా తామే ప్రచురించుకుంటూ, బయటి దేశాలను మాత్రం భాగస్వాములకు వదిలారు. దీనికి చెల్లించిన ధర కూడా ఉంది. ‘బ్లడ్‌బోర్న్’ హక్కు సోనీ చేతిలో ఉండటంతో ఆ అద్భుతమైన గేమ్ నేటికీ ప్లేస్టేషన్ దాటలేదు.

ఆట తీరులో కూడా ఇవి ఒకదాన్నొకటి సవాలు చేసుకున్నాయి. ‘డార్క్ సోల్స్’ నేర్పిన డాలు చాటు జాగ్రత్తను ‘బ్లడ్‌బోర్న్’ దాదాపు తీసేసి, దెబ్బ తిన్న వెంటనే తిరిగి కొడితే పోయిన ప్రాణం కొంత దక్కే ఏర్పాటు పెట్టింది. ‘సెకిరో’ ఆయుధాల ఎంపికనూ, పిలిస్తే వచ్చే తోడునూ తొలగించి, ఒక్క కత్తితో లయ పట్టుకోమంది. ఉత్తమ గేమ్ పురస్కారం గెలిచినా, సులభ స్థాయి ఉండాలా వద్దా అన్న పెద్ద చర్చకు అదే కారణమైంది. ‘ఎల్డెన్ రింగ్’ ఆ చర్చకు ఆచరణలో సమాధానమిచ్చింది. అమెరికా రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రాసిన పూర్వగాథ మీద కట్టిన ఆ విశాల భూమిలో ఒక శత్రువు లొంగకపోతే గుర్రమెక్కి మరో దిక్కుకు పోవచ్చు, బలం పెంచుకొని తిరిగి రావచ్చు, ఆత్మలను తోడు పిలుచుకోవచ్చు. కష్టాన్ని తగ్గించకుండానే దారులను పెంచడం ఇందులోని తెలివి. అదే శత్రువులు పదేపదే ఎదురుకావడం ఆ విశాలతకు చెల్లించిన మూల్యం. 2025 నాటికి మూడు కోట్లు దాటిన అమ్మకాలలో, అంతకు ముందు ఈ ధోరణిని దూరం నుంచే చూసినవారి వాటా పెద్దదే అయి ఉండాలి.

ఇంత విజయం కంపెనీ యాజమాన్య స్వరూపాన్నే మార్చింది. 2022లో చైనా కంపెనీ టెన్సెంట్ అనుబంధ సంస్థ 16.25 శాతం, సోనీ 14.09 శాతం వాటా తీసుకున్నాయి. 69.66 శాతంతో కడోకావా పట్టు నిలుపుకుంది. 2025 ఆరంభంలో సోనీ ఆ కడోకావాలోనే సుమారు 10 శాతం వాటాతో అతిపెద్ద వాటాదారుగా మారింది. లోపలి పరిస్థితి పైనా ప్రశ్నలు వచ్చాయి. 2022లో ఉద్యోగుల మాటలతో వెలువడిన కథనాలు తక్కువ జీతాలనూ, విడుదల ముందు అధిక పనిగంటలనూ బయటపెట్టాయి. 2024 అక్టోబర్‌లో సంస్థ మూలవేతనాలను సగటున 11.8 శాతం పెంచుతున్నట్టు, కొత్తవారి నెల జీతాన్ని 2,60,000 యెన్ల నుంచి 3,00,000 యెన్లకు తెస్తున్నట్టు ప్రకటించింది. ఇది ఆలస్యంగా జరిగిన న్యాయమే. పరిశ్రమంతా ఉద్యోగాలు కోస్తున్న రోజుల్లో, తాను బాధ్యతలో ఉన్నంతకాలం అలాంటిది జరగనివ్వనని మియాజాకి చెప్పడం మాత్రం మెచ్చుకోదగ్గది.

ఇప్పుడు ఈ సంస్థ ముందున్న అసలు పని దర్శకులను తయారుచేసుకోవడం. 2014లో తొమోహిరో షిబుయా, యుయి తనిమురా దర్శకత్వంలో వచ్చిన ‘డార్క్ సోల్స్ 2’ మియాజాకి నీడలో పడి, దక్కవలసినంత గౌరవం దక్కించుకోలేదు. దాని లోకం ముక్కలుగా ఉన్న మాట నిజమే అయినా, రెండో విడత ఆటలో శత్రువులనూ బహుమతులనూ మార్చిపెట్టిన సాహసం తరువాతి గేములలో కూడా అంతగా కనిపించదు. 2023లో మసారు యమమురా ‘ఆర్మర్డ్ కోర్ 6’తో పదేళ్ల తరువాత ఆ పాత రోబోలను తిరిగి నిలబెట్టారు. 2025లో జున్యా ఇషిజాకి ‘నైట్‌రెయిన్’తో ‘ఎల్డెన్ రింగ్’ను ముగ్గురు కలిసి ఆడే చిన్న పరుగుల ఆటగా మలిచారు. నింటెండో స్విచ్ 2 కోసం ప్రకటించిన ‘ద డస్క్‌బ్లడ్స్’ను మళ్లీ మియాజాకే నడుపుతున్నారు. కుంటుతున్న ప్రాజెక్టును అనామకుడైన దర్శకుడి చేతికి అప్పగించి, తోచినట్టు చేసుకోనివ్వడం ‘డీమన్స్ సోల్స్’ను పుట్టించింది. కోట్ల ప్రతులు అమ్మే కంపెనీలో అలాంటి ప్రాజెక్టు దొరకడం కష్టం. ‘నైట్‌రెయిన్’ లాంటి, పాత సరుకుతో తక్కువ కాలంలో చేసే మధ్యస్థాయి గేములు ఆ చోటును తిరిగి కల్పిస్తున్నాయి. అందుకే వాటిని ప్రధాన గేముల మధ్య విరామంగా కొట్టిపారేయకుండా, తరువాతి దర్శకుడు ఎదిగే చోటుగా గమనించాలి.